ముందు బండికిని మన బండికిని నడుమ

సూరతు నగరమున రింగురోడ్డు అను పేరుగల విశాలమైన దారి యొకటి కలదు. సహారా దర్వాజా, ఉధనా దర్వాజా, మజూరా గేటు అని ఆ దారిలో వినవచ్చు పేరులు ఒకప్పటి కోటగోడల ద్వారములవి. గోడలు పోయినవి, పేరులు మాత్రము నిలిచినవి. దండెత్తి వచ్చువారిని ఆపుటకై ఆనాడు కట్టిన ద్వారములకడ ఈనాడు సాయంకాలమైనచో నగరవాసులే ఒకరినొకరు ఆపుకొని నిలిచియుందురు.

దారికి ఇరుప్రక్కల అంతస్తులు అంతస్తులుగా బట్టల మార్కెట్లు. చీరల మూటలను ఎక్కించుకొను టెంపోలు, పార్సెళ్లను మోయు తోపుడుబండ్లు, ఆటోలు, సిటీబస్సులు, వీని నడుమ ఇసుకలో నీరువలె దూరిపోవు స్కూటర్లు, మోటారు సైకిళ్లు. 1961 జనాభా లెక్కలలో 3 లక్షలకు లోపున నుండిన యీ ఊరు 2011 నాటికి 44 లక్షలు దాటినది. నడుమ నగరపు ఎల్లలను విస్తరింపజేయుటయు ఇందుకు కొంత కారణమే. కాని వజ్రములకు సానపట్టు పనియు, మరమగ్గముల పనియు దేశపు నలుమూలలనుండి జనమును రప్పించుటయే ముఖ్యకారణము. 2021 జనవరిలో మెట్రోరైలుకు శంకుస్థాపన జరిగినది. అది మొదలు పనులు సాగిన చోట్ల రోడ్డులో కొంతభాగము రేకుల కంచెల వెనుకకు పోయినది. జనము పెరిగినది, దారి తరిగినది; మిగిలినదెల్ల సహనమునకు పరీక్ష.

ఈ జనములో తెలుగువారును పెక్కుమంది కలరు. సిరిసిల్ల, కరీంనగరము, వరంగల్లు, నల్లగొండ ప్రాంతములనుండి మగ్గమును నమ్ముకొని పోయిన పద్మశాలీ కుటుంబములు లింబాయత్, గోడాదరా, పర్వత్ గామ్ మున్నగు పేటలలో తరములుగా నివసించుచున్నవి. అట్టి కుటుంబమునకు చెందిన యువకుడొకడు మాకు పరిచితుడు. తండ్రి మరమగ్గముమీద జీవితమంతయు గడపినాడు. కుమారుడు మగ్గమును విడిచి టెంపో కొనినాడు. మగ్గముల షెడ్లనుండి బట్టచుట్టలను (వానిని అచటివారు తాకాలందురు) చేరవలసిన చోటికి చేర్చుట అతని వృత్తి. ఒకనాటి సాయంకాలము లింబాయత్ నుండి రింగురోడ్డువరకు అతని ప్రక్కన కూర్చుండి పోవు అవకాశము కలిగినది. నడచిపోయినను గంటలో చేరగల దారి. ఆనాడు టెంపోలో ముప్పాతిక గంట పట్టినది.

ఆ ముప్పాతిక గంటలో రెండు సంగతులు కంటబడినవి. మొదటిది, అతడు హారనును ఆరేడు సార్లకు మించి మ్రోగింపలేదు. రెండవది, అంతటి సమ్మర్దములోను తన టెంపోకును ముందు పోవు వాహనమునకును నడుమ కొంత చోటు విడిచియే పోయినాడు. ఆ చోటులోనికి స్కూటర్లు దూరుచునే యుండినవి. ఒకటి దూరినచో అతడు మరికొంత వెనుకకు తగ్గెడివాడు. చూచుచున్న మాకే ఓపిక నశించినది.

“ఏమి తమ్ముడూ, ఇంత చోటు విడిచితివి? అందరును నీ ముందే దూరుచున్నారే!” అని అడిగితిమి.

“దూరితే దూరనీయి పెద్దన్నా. నా బండి ఆగకుండ పోతే చాలు. నిండు బరువుతోటి ఆగి మళ్ల కదలాలంటే ఎంత కష్టమో క్లచ్చి తొక్కే కాలుకు ఎరుక.”

అంతే అతని సమాధానము. ఎవరును నేర్పిన పాఠము కాదు, కాలినొప్పి నేర్పిన పాఠము. కాని యీ మాటలో గొప్ప శాస్త్రము ఇమిడియున్నదని తరువాత గ్రహించితిమి.

రద్దీ అనగా నేమి? దారి చాలకపోవుటచేతనో, ముందెక్కడనో ప్రమాదము జరుగుటచేతనో బండ్లు నిలిచిపోవునని మనమందరము తలంతుము. పెక్కుసార్లు అది నిజమే. కాని ఏ యడ్డంకియు లేకయే రద్దీ పుట్టగలదని జపాను దేశపు శాస్త్రజ్ఞులు ప్రత్యక్షముగా చూపినారు. 230 మీటర్ల చుట్టుకొలతగల గుండ్రని బాటపై 22 కార్లను నిలిపి, అందరును గంటకు సుమారు 30 కిలోమీటర్ల వేగమున సమముగా నడుపుడని చెప్పినారు. సిగ్నలు లేదు, కూడలి లేదు, గుంట లేదు, అడ్డము వచ్చు పశువు లేదు. ఒక్కొక్క కారునకు పదిమీటర్ల పైచిలుకు చోటు. కొంతసేపు బండ్లు చక్కగానే తిరిగినవి. పిమ్మట ఎవరో యొకరు కొంచెము దగ్గరకు పోయి బ్రేకు నొక్కినారు. వెనుకవాడు ఉలికిపడి ఇంకొంచెము గట్టిగా నొక్కినాడు. అతని వెనుకవాడు అంతకన్న గట్టిగా. ఇట్లు పెరిగి పెరిగి కొన్ని కార్లు పూర్తిగా నిలిచిపోయినవి. ముందున్నవి కదలిపోవుచుండ వెనుకనున్నవి వచ్చి చేరుటచేత, ఆ నిలుకడ యొక అలవలె గంటకు సుమారు 20 కిలోమీటర్ల వేగమున వెనుకకు ప్రాకినది. ఈ పరిశోధన 2008లో ప్రకటితమైనది.

ఇందు దోషి ఎవరు? మొదట బ్రేకు నొక్కినవాడు తాను నిలిచిపోనేలేదు; ముందుకు సాగిపోయినాడు. తన వెనుక పది కార్ల అవతల జరిగినది అతనికి తెలియనే తెలియదు. నిలిచిపోయినవాడు తన ముందువానిని తిట్టినాడు, అతడును నిరపరాధియే. మన నగరములలో దినదినమును జరుగుచున్నది ఇదియే. మనము తిట్టు వానికిని మన కష్టమునకు మూలమైన వానికిని చాలసార్లు సంబంధముండదు. మూలమైనవాడు ఇల్లు చేరి కాఫీ త్రాగుచుండును.

దీనికి విరుగుడును పరిశోధకులు చూపినారు. అమెరికాలోని అరిజోనా రాష్ట్రమున ఇట్టి గుండ్రని బాటపైననే ఇరువదికి పైగా కార్లను నడిపించి, వానిలో ఒకే యొక కారును మాత్రము యంత్రసహాయమున నిలకడయైన వేగముతో పోవునట్లు చేసినారు. అది ముందుకారు వెంట పరుగులిడక, చోటు విడిచి, ఒకే తీరున సాగినది. దానితో అలలు అణగినవి. తక్కిన చోదకులెవ్వరును తమ యలవాటు మార్చుకొనలేదు. అయినను వారి బ్రేకులకు పని తగ్గినది, ఇంధనపు ఖర్చు తగ్గినది. ఈ ఫలితములు 2018లో వెలువడినవి. ఇరువదిమందిలో ఒక్కడు చాలునన్నమాట. లింబాయత్ నుండి బయలుదేరిన ఆ టెంపో తన వెనుక వచ్చినవారికి చేసిన మేలు ఇదియే, వారు మాత్రము హారను మ్రోగించి దానిని తొందరపెట్టుచునే యుండిరి.

ఇచట పాఠకులు ఒక యాక్షేపణ తీసికొని రావచ్చును. “అయ్యా, అది ఒంటి వరుసబాట. అచట ప్రక్కనుండి దూరువారెవరును లేరు. మన దేశమున చోటు విడిచినచో మూడు ఆటోలు వచ్చి నిలుచును. విడుచువాడు విడుచుచునే యుండవలెను, ఇల్లు చేరుట ఎప్పుడు?” ఆక్షేపణ న్యాయమైనదే. గుండ్రని బాటపైని కార్లకును సహారా దర్వాజా కడ సాయంకాలమునకును సామ్యము కొంతవరకే. కావున ఊహలు మాని లెక్క వేసి చూతము. దారిపొడుగున 20 మోటారు సైకిళ్లు మన ముందు దూరినవనుకొందము. ఒక్కొక్కదానికి మూడు మీటర్లు వేసికొన్నను 60 మీటర్లు. గంటకు 15 కిలోమీటర్ల వేగమున నత్తనడకగా పోవు బండియు క్షణమునకు నాలుగు మీటర్లకు పైగా సాగును. అనగా 20 మందికి చోటిచ్చినందున మనకు కలుగు నష్టము పదునైదు సెకండ్లు. ఇరువది ఆటోలైనను నిమిషమునకు మించదు. ఈ పదునైదు సెకండ్లను కాపాడుకొనుటకై మనము ఎన్నిసార్లు పండ్లు కొరుకుదుమో, ఎన్ని మాటలు జారవిడుతుమో ఎవరికి వారే లెక్కించుకొనవచ్చును.

వేగము విషయమునను ఇట్టిదే యొక భ్రమ కలదు. 8 కిలోమీటర్ల దూరమును గంటకు 30 వేగమున పోయినచో 16 నిమిషములు, 40 వేగమున పోయినచో 12 నిమిషములు పట్టును. అదియు దారియంతయు ఖాళీగా నున్నప్పటి మాట. ఆ నాలుగు నిమిషముల లాభమును రెండు మూడు ఎర్రదీపములు మ్రింగివేయును. గంటకు 40 వేగమున పోవు బండి మాత్రము, కాలు బ్రేకుమీదికి పోవుటకు పట్టు ఒక్క సెకండులో, 11 మీటర్లు దాటిపోవును. ఈ 11 మీటర్లలో బడినుండి వచ్చు బిడ్డ యుండవచ్చును. ఆలస్యమైనదని దారిలో తొందరపడువారు చాలవరకు ఇంటివద్దనే ఆ సమయమును పోగొట్టుకొని బయలుదేరుదురు. పది నిమిషములు ముందుగా గడప దాటినవానికి ఈ వ్యాసముతో పనిలేదు.

కూడలులను గూర్చి కొంచెము వివరముగా చెప్పవలసియున్నది. ఏలయన ఎక్కువ మంది తెలియక చేయు పొరపాటు అచటనే కలదు. పచ్చదీపము వెలిగినది, మన వంతు వచ్చినది. కాని కూడలికి ఆవలి దారి బండ్లతో నిండియున్నది. అప్పుడేమి చేయవలెను? పచ్చదీపము మనకు హక్కు నిచ్చినదని తలచి ముందుకు పోదుము. ఆవల చోటులేదు గనుక కూడలి నడుమ నిలిచిపోవుదుము. ఇంతలో దీపము మారును. అడ్డముగా వచ్చువారికి పచ్చ. వారు కదలవలెనన్న మన బండి అడ్డము. వారును మన చుట్టు దూరి నడుమకు వచ్చి నిలుతురు. అప్పుడు వారి వెనుకవారు, వారికెదురు వచ్చువారు, అందరును ఒకరికొకరు అడ్డము. నాలుగు దారులును బిగిసిపోవును. ఇక దీపము ఏ రంగున వెలిగినను ఒక్కటే. అరగంటసేపు నాలుగు దారులను ఆపుటకు ఒక్క కారు చాలును, ఆ కారును నడిపినవాడు నియమము తప్పినట్లు తనకు తోచనే తోచదు. అతడు పచ్చదీపమునకే కదా కదలినాడు! కావున దీపమును చూచుటకు ముందు కూడలి ఆవలియొడ్డును చూడవలెను. అచట మన బండి నిలుచునంత చోటు కనబడినప్పుడే గీత దాటవలెను. వెనుకనున్నవారు హారను మ్రోగింతురు. మ్రోగింపనిండు.

సూరతులో మరియొక ప్రలోభము కలదు. 2014 మొదలుకొని అచట సిటీబస్సులకై రోడ్డు నడుమ ప్రత్యేకమైన దారులు ఏర్పడినవి. ఇరువైపుల బండ్లు బిగిసి నిలిచియుండగా నడుమదారి మాత్రము నున్నగా ఖాళీగా కనబడును. దానిని చూచిన మోటారు సైకిలువానికి మనసు నిలుచుట కష్టము. “ఒక్క నిమిషములో దాటిపోదును, ఎవరికి నష్టము?” అని దూరును. తనకై విడిచిన దారిలో వచ్చు బస్సు వేగముతో వచ్చును, ఎదుట మరియొకడుండునని దాని చోదకుడు తలంపడు. ఆ నడుమదారి ఖాళీగా నున్నదనుట కంటికి కలుగు భ్రాంతి. డెబ్బదిమందికి చోటుగల బస్సు ఒకటి పోయిన, ఆ డెబ్బదిమంది ఎక్కవలసిన స్కూటర్లు ప్రక్కదారిలో లేకుండును. ఖాళీయే దాని పని.

ఖాళీయైన చోటు వ్యర్థమైన చోటు కాదని ఇంకను స్పష్టముగా తెలుపు సందర్భమొకటి చెప్పవలెను. ఇది సూరతు మాట కాదు, విజయవాడలో మా స్వానుభవము. కొన్నేండ్ల క్రిందట, బెంజి సర్కిలు కడ ఫ్లైఓవరు లేని దినములలో, కారు నడుపుచు రద్దీలో చిక్కుకొంటిమి. ముందు లారీ. దానికి జేనెడు దూరమువరకు పోయి నిలిపితిమి, ఎవరును దూరరాదని. వెనుక ఆంబులెన్సు గంట వినబడినది. ప్రక్కకు తొలగవలెనన్న కోరిక నిండుగా కలదు. కాని చక్రము త్రిప్పుటకు ముందు చోటు కావలెను కదా! లారీ వెనుకభాగము మా కారు ముక్కునకు తగులుచున్నది. వెనుకకు పోవుటకు వీలులేదు, అచట మరియొకరు మావలెనే జేనెడు దూరమున నిలిచినారు. లారీ కదలువరకు కదలలేకపోతిమి. ఎంతసేపో గడియారము చూడలేదు. ఆ బండిలో ఉన్నవారెవరో, ఏమైనారో తెలియదు. ఆనాడు మాలో దయ లేకపోలేదు. దయను కార్యముగా మార్చుటకు కావలసిన రెండు గజముల చోటు లేకపోయినది. ఆ రెండు గజములను ఐదు నిమిషముల ముందే, ఒక ఆటోవాడు దూరునేమో అన్న పంతముతో, మేమే పోగొట్టుకొంటిమి.

108 అను అత్యవసర సేవ తెలుగుగడ్డమీద, హైదరాబాదులో 2005 ఆగస్టులో ఆరంభమైనది. 2007 ఆగస్టులో గుజరాతునకు వ్యాపించినది. 2019లో సవరింపబడిన మోటారు వాహనముల చట్టము ఆంబులెన్సునకు దారి యియ్యనివారికి పదివేల రూపాయల జరిమానాను, ఆరునెలల వరకు జైలును విధింపవచ్చునని పలికినది. చట్టము మంచిదే. కాని దారి యిచ్చుట గంట వినబడిన తరువాత చేయు పని యని చట్టమును చదివినవారు తలంతురు. నిజమునకు అది గంట వినబడకముందు చేయవలసిన పని. రద్దీలో నిలిచినప్పుడు ముందు బండి వెనుకచక్రములు నేలను తాకుచోటు మన కంటికి కనబడునంత దూరమున నిలుపవలెనని అనుభవజ్ఞులైన చోదకులు చెప్పుదురు. ఆపాటి చోటున్నచో ముందు బండి కదలకున్నను మనము ప్రక్కకు తిరుగగలము. కొలబద్దతో పనిలేని కొలత ఇది.

కఠోపనిషత్తునందు శరీరమును రథముగాను, ఇంద్రియములను గుఱ్ఱములుగాను, మనస్సును కళ్లెముగాను, బుద్ధిని సారథిగాను చెప్పిన సంగతి మన పాఠకులెరుగనిది కాదు. ఆ కల్పనలో రథము ఒక్కటే కలదు. దారిలో వేరు రథముల ప్రసక్తి లేదు. రింగురోడ్డుమీద వేల రథములు, వేల సారథులు. ఒకని కళ్లెము జారినచో మరియొకని గుఱ్ఱము బెదరును. జపాను బాటమీది అల యిట్లే పుట్టినది. కోపమును ఇట్లే ప్రాకును. ముందువాడు హారను మ్రోగించినందుకు మనము మ్రోగింతుము, మనము మ్రోగించినందుకు వెనుకవాడు. ఎర్రదీపముకడ నిలిచిన బండ్ల వరుసలో హారను ఎవరికొరకు మ్రోగునో ఎంత యాలోచించినను తెలియదు. దీపమునకు చెవులు లేవు.

కోపము వచ్చినప్పుడు ఏమి చేయవలెనని అడుగువారున్నారు. కోపము రాకుండుట మావంటివారికి సాధ్యము కాదు. కాని కోపమునకును కాలికిని నడుమ కూడ కొంత చోటు విడువవచ్చును. మనము చూచిన ఆ టెంపో యువకుడు శాంతమూర్తి కాడు. ఒక కారు అడ్డముగా కోసికొని వచ్చినప్పుడు తెలుగులో ఒక మాటయు గుజరాతీలో ఒక మాటయు అననే అన్నాడు. అద్దము మాత్రము దింపలేదు, వేగము పెంచలేదు. మాట టెంపోలోనే మిగిలిపోయినది.

సూరతులో బండి నడుపువారు జనవరి మాసమున మరియొక యపాయమును తలంపవలెను. ఉత్తరాయణపు పండుగకు ఊరంతయు మేడలెక్కి గాలిపటములెగురవేయును. తెగిన మాంజాదారము కంటికి కానరాక రోడ్డుకు అడ్డముగా వ్రేలాడును. అది మోటారు సైకిలుపై పోవువారి కంఠములను కోసిన దుర్ఘటనలు పలుమారు జరిగినవి. అందుచేత ఆ దినములలో ఫ్లైఓవర్లపైకి ద్విచక్రవాహనములను పోనీయక పోలీసువారు ఆంక్షలు విధించుచుందురు. చాలమంది హ్యాండిలుకు ఇనుపకమ్మిని విల్లువలె వంచి బిగించుకొందురు, మెడకు గుడ్డ చుట్టుకొందురు. ఇవి యెంత చేసినను, మెల్లగా పోవువానికి దారము కనబడు నవకాశము ఎక్కువ, కనబడకున్నను లోతుగా తెగు నవకాశము తక్కువ.

రద్దీ తొలగినచో మన కష్టములన్నియు తీరునని కదా మన యాశ! సూరతులో ఏటేట దీపావళికి ఆ వేడుకయు చూడవచ్చును. వజ్రముల పనివారు సౌరాష్ట్రములోని తమ గ్రామములకు తరలిపోవుదురు, బట్టల మార్కెట్లు మూతపడును, లాభపంచమి నాటికి గాని వ్యాపారము మరల ఆరంభము కాదు. ఆ నాలుగైదు దినములు రింగురోడ్డు వెలవెలబోవును. గడచిన దీపావళికి ఆ యువకునితో టెలిఫోనులో మాటలాడుచు, “ఇప్పుడు నీకు హాయిగా నుండునే!” అంటిమి.

“ఏం హాయి పెద్దన్నా! ఖాళీ రోడ్డంటెనే భయం. అందరు ఉరుకుతరు. నిన్న పిల్లలను డుమస్ సముద్రం కాడికి తోల్కపోయిన. ముందు ఒక్క ఆటోనే ఉండె. దాని ఎనుకనే మెల్లగ పోయిన. మా చిన్నది, ‘నాయినా, దాన్ని దాటి పోవా?’ అని అడుగుడే.”

“దాటితివా?”

“ఎందుకు? సముద్రం యాడికి పోతది?”

లాభపంచమినాడు ఉదయముననే లింబాయత్ షెడ్డులో తాకాలు ఎక్కింపవలసియున్నవనియు, సెలవులు ముగిసిన మొదటి దినమున రైలుకట్టకడ రద్దీ మెండుగా నుండును గనుక అరగంట ముందే బయలుదేరుదుననియు చెప్పి అతడు టెలిఫోను పెట్టివేసినాడు.